కన్నతల్లి పోయాక బిడ్డ ఎవరి దగ్గర పెరగాలి?

ప్రశ్న

బ్రెజిల్ గాయని కాసియా ఎల్లెర్ 2001 డిసెంబరు 29న తన 39వ ఏట రియో డి జనీరోలో మరణించారు. అప్పటికి ఆమె కొడుకుకు ఎనిమిదేళ్లు. వాడి తండ్రి, వాడు పుట్టకముందే కారు ప్రమాదంలో చనిపోయాడు. పుట్టిన నాటి నుంచి కాసియాతో కలిసి ఆ పిల్లవాడిని పెంచిన సహచరి మరియా యుజీనియా వాణ్ణి తన దగ్గరే ఉంచమని కోర్టును కోరితే, కాసియా తండ్రి మనవడు తనకు దక్కాలని పోటీకి వచ్చారు. కోర్టు 2002 జనవరిలో తాత్కాలికంగానూ, అదే ఏడాది చివర్లో శాశ్వతంగానూ పిల్లవాడిని యుజీనియాకే అప్పగించింది. మన దేశంలో ఇటువంటి తగవు వస్తే పెంపకానికే మొగ్గు చూపడం న్యాయమంటారా?

మనవరాలిని పెంచుతున్న తాత

నేను అంగీకరించలేను. మా అమ్మాయి పోయిన తర్వాత మనవరాలిని నేనూ మా ఆవిడా పెంచుతున్నాం. అరవై ఏళ్లు దాటాక యూట్యూబు చూసి రెండు జడలు వేయడం నేర్చుకున్నాను. పాపిడి ఇప్పటికీ వంకరే. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ఆ బిడ్డ పోలికలతో మిగిలిన పసిదాన్ని కూడా దూరం చేయడం ఏ చట్టానికైనా తగదు. కోవిడ్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన ఒక పిల్లవాడి విషయంలో 2022 జూన్‌లో సుప్రీంకోర్టు నాయనమ్మా తాతలవైపే నిలిచిందన్న సంగతి మరువకండి.

కుటుంబ కేసులు చూసే న్యాయవాది

తాతగారూ, మీరు చెప్పిన ఆ కేసులో పోటీ నాయనమ్మా తాతలకూ, తల్లి సోదరికీ మధ్య. ఇరువైపులా రక్తబంధువులే కాబట్టి అది రక్తానికీ పెంపకానికీ మధ్య తూచిన తీర్పు కాదు. అదే ఏడాది ఆగస్టులో అదే కోర్టు, పెళ్లి లేని సహజీవనాలూ స్వలింగ బంధాలూ కుటుంబ రూపాలు కావచ్చునని మరొక తీర్పులో రాసింది.

అయినా చిక్కు అక్కడ లేదు. 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్వలింగ వివాహ హక్కును గుర్తించలేదు. జంటగా దత్తత తీసుకునే హక్కును కూడా ముగ్గురు కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. కాబట్టి ఇద్దరమ్మల ఇంట్లో కాగితం మీద ఒక్కరే అమ్మ. ఆమె కన్నుమూస్తే, ఎనిమిదేళ్లు అన్నం కలిపి పెట్టిన రెండో అమ్మ 1890 నాటి సంరక్షకుల చట్టం కింద పిటిషను వేయాలంటే, ఎనిమిదో సెక్షనులో ‘సంరక్షకులు కాగోరే వ్యక్తి’ అన్న మాటనో, మైనరు ‘స్నేహితుడు’ అన్న మాటనో పట్టుకోవాలి. అమ్మగా కాక, సంరక్షకత్వం కోరుకునే బయటి మనిషిగా కోర్టు మెట్లెక్కాలన్నమాట! ఆ చట్టంలోనే పదిహేడో సెక్షను బిడ్డ క్షేమాన్ని చూడమంటుంది, ఆలోచించగల వయసుంటే బిడ్డ ఇష్టాన్ని కూడా పరిగణించవచ్చునంటుంది. రెండో అమ్మకు ఉన్న ఆధారం ప్రధానంగా అదే.

మీ మనవరాలి మీద మీ హక్కును నేను శంకించడం లేదు. కానీ రేపు ఎవరైనా దూరపు చుట్టం వచ్చి ఆ పాపను అడిగితే, కోర్టులో మీరు చూపించేది వంశవృక్షమా, ఆ వంకర పాపిడా? మీకు బలమైన సాక్ష్యమే యుజీనియాకూ బలమైంది.

తాత

పాపిడి మాటతో నన్ను ఇరకాటంలో పెట్టారమ్మా. సరే, బిడ్డను రెండో అమ్మ దగ్గరే పెరగనివ్వండి. కానీ తాత గడప తొక్కకూడదని ఆవిడ తలుపు వేసేస్తే? అంత దుఃఖంలో ఎవరు ఎలా మారతారో చెప్పలేం.

న్యాయవాది

చూసిపోయే హక్కును ఉత్తర్వులోనే రాయించుకోవచ్చండీ. పండుగలకూ వేసవి సెలవులకూ తేదీలతో సహా అడగండి. ఇక ఇద్దరమ్మల ఇళ్లవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పెళ్లి కాకుండా బిడ్డను కన్న హిందూ తల్లి, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం తన తర్వాత సంరక్షకురాలు ఎవరో వీలునామాలో రాయవచ్చు. దాన్ని కూడా కోర్టులో సవాలు చేయవచ్చు గానీ, తల్లి కోరిక ఏమిటో ఊహించాల్సిన పని అప్పుడు జడ్జిగారికి ఉండదు.

ప్రశ్న వేసినవారు

ఆ వీలునామాను రిజిస్టరు చేయించాలా?

న్యాయవాది

తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. బిడ్డ తాతగారు బతికుండగానే రాస్తే, ఆయనకు కూడా ఒక ప్రతి ఇవ్వండి.