కార్డు ఇస్తున్నాడు గానీ చూసి ఇవ్వట్లేదు, ఏం మార్చాలి?

బాబుకి నాలుగేళ్లు, ఆటిజం. మాటలు రాలేదు, వినికిడి బానే ఉంది. మాది అమలాపురం దగ్గర పల్లె. పెక్స్ పద్ధతిలో (మాటకి బదులు బొమ్మ కార్డు చేతికిచ్చి కావాల్సింది అడగడం) బొమ్మ కార్డులు వాడుతున్నాం.

మొదటి దశ ఇద్దరం చేయించాం: ఒకరు ఎదురుగా మామిడి తాండ్ర ముక్క పట్టుకుని, ఇంకొకరు వెనక నుంచి వాడి చెయ్యి పట్టి కార్డు ఇప్పించి. "ఏం కావాలి నాన్నా?" అని అడగకూడదు, అడిగితేనే ఇవ్వడం అలవాటైపోతుంది. (అత్తయ్యగారి చేత ఆ ప్రశ్న మాన్పించడమే పెద్ద పని.) ఇప్పుడు పక్క గదిలోంచి కూడా కార్డు పట్టుకుని వస్తాడు.

చిక్కంతా మూడో దశలో, అంటే రెండు కార్డుల్లోంచి కావాల్సినది చూసి ఎంచుకోవడంలో. తాండ్ర, సాక్స్ రెండు కార్డులూ పెడితే చూడకుండా కుడివైపుది లాగేస్తాడు. చోట్లు మారుస్తూనే ఉన్నాం. సాక్స్ ఇస్తే విసిరికొడతాడు, అంటే వస్తువుల తేడా తెలుసు, కార్డు మీదే చూపు నిలవట్లేదు. రెండోది ఉత్త తెల్ల కార్డు పెట్టాలా? ఫొటో బదులు తాండ్ర రేపరే అతికించాలా? ముందు ఏది చేస్తే మంచిది?

ఇంకోటి. ఈ ఉక్కకి వెల్క్రో జిగురు కరిగి, కార్డు లాగితే పట్టీతో సహా ఊడొస్తోంది. రెండంగుళాల లామినేషన్ కార్డుకి వెల్క్రో కుట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కుట్టు దగ్గర చిరగట్లేదా?