డాలస్‌లో తర్వాతి బండి: ఆర్7, నింజా 650, 8ఆర్, సీబీఆర్... ఏది తీసుకోమంటారు?

బ్రాడీపేట:

అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది గుంటూరు బ్రాడీపేట. చదువైపోయి ఈమధ్యే డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరాను. ఇంటి దగ్గర కేటీఎం ఆర్‌సీ 390 ఉండేది. దాని మీద వారధి దాటి బెజవాడ వెళ్ళిరావడం, సెలవొస్తే కోటప్పకొండ ఘాట్ ఎక్కడం బాగా అలవాటు. ఇక్కడ కారుంది గానీ బండి లేకపోతే ఏదో వెలితిగా ఉంది. యమహా ఆర్7, కవాసాకీ నింజా 650, సుజుకీ జీఎస్‌ఎక్స్-8ఆర్, హోండా సీబీఆర్650ఆర్ చూస్తున్నాను. రూమ్మేట్ మాత్రం "ఎలాగూ కొంటున్నావుగా, ఒకేసారి జెడ్‌ఎక్స్-6ఆర్ కొనెయ్, మళ్ళీ మార్చే పనుండదు" అంటున్నాడు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. ఆఫీసుకి హైవే మీదే వెళ్ళాలి. పది వేల డాలర్లు దాటకూడదనుకుంటున్నాను. సలహా చెప్పండి.

పటమట:

తమ్ముడూ, ముందు మీ రూమ్మేట్ సంగతి తేలుద్దాం. 390 నుంచి జెడ్‌ఎక్స్-6ఆర్ 636 సీసీకి అంటే పెద్ద తేడా కాదనిపిస్తుంది, ఎందుకంటే మనకి చిన్నప్పట్నుంచీ బండిని సీసీలతో కొలవడం అలవాటు. నీ ఆర్‌సీకి 43 హార్స్‌పవర్. జెడ్‌ఎక్స్-6ఆర్‌కి 120 పైనే. పోనీ ఆ పవరంతా రోజూ నీ చేతికొస్తుందా అంటే, అదీ లేదు. అది 13 వేల ఆర్‌పీఎం చుట్టుపక్కల ఉంటుంది. నువ్వు ఆఫీసుకెళ్ళేటప్పుడు ఉండే ఐదారు వేల దగ్గర ఆ ఇంజన్‌లో పెద్ద ఊపుండదు. ఊపొచ్చేదాకా తిప్పావంటే మొదటి గేరులోనే హైవే లిమిట్ దాటేస్తావు. ట్రాక్ కోసం పుట్టిన బండి అది. ట్రాక్ మీద దాన్ని మించింది లేదంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ నీ దారి ట్రాక్ కాదు కదా.

ఇప్పుడు ట్విన్స్, అంటే రెండు సిలిండర్ల బళ్ళ సంగతి. ఆర్7లో 689 సీసీ, 8ఆర్‌లో 776 సీసీ. రెండిట్లోనూ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 270 డిగ్రీలది, అందుకని రెండు సిలిండర్లూ సమానమైన ఎడంతో పేలవు. లాగుడూ చప్పుడూ వీ-ట్విన్‌కి (వీ ఆకారంలో రెండు సిలిండర్లుండే ఇంజన్) దగ్గరగా ఉంటాయి. నింజా 650 క్రాంక్ 180 డిగ్రీలది. చప్పుడు కాస్త చప్పగా ఉంటుంది గానీ లాగుడుకి వంక పెట్టలేం. ఈ మూడిట్లో ఏదైనా సరే, కింది నుంచే గుంజుతుంది. గేరు దించకుండా లారీని దాటొచ్చు. రోజూ పనికొచ్చేది ఇదే.

అసలు తేడా ఇంజన్లలో కాదు, హ్యాండిల్ ఎక్కడుందన్న దాంట్లో ఉంది. ఆర్7 చూడ్డానికి అన్నిటికన్నా అందగత్తె, కాదనను. కానీ క్లిప్-ఆన్లు (రెండు ముక్కలుగా ఫోర్కులకి బిగించే హ్యాండిళ్ళు) బాగా కింద, సీటు 835 మిల్లీమీటర్ల ఎత్తులో. 70 మైళ్ళ మీద పోతున్నప్పుడు ఎదురుగాలి ఛాతీని మోస్తుంది కాబట్టి బానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్‌లో బరువంతా అరచేతుల మీదే. కోటప్పకొండ ఘాట్‌లో ఐతే ఆ కూర్చునే తీరుకి అర్థం ఉంది. డాలస్ రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి తమ్ముడూ. మంచి మలుపులు కావాలంటే హిల్ కంట్రీలో లీకీ ఊరి చుట్టూ ఉన్న 335, 336, 337 రాంచ్ రోడ్లకి పోవాలి. ఇక్కణ్ణుంచి అది సగం రోజు ప్రయాణం. ఎప్పుడో ఏడాదికోసారి వచ్చే మలుపుల కోసం రోజూ మణికట్లు నొప్పెట్టుకోవడం ఎందుకంటాను. ఇంకోటి, మొదట్లో వచ్చిన ఆర్7లలో ట్రాక్షన్ కంట్రోల్ (వెనక టైరు జారకుండా ఆపేది) లేదు. పాతది కొంటే అది గుర్తుంచుకో.

8ఆర్ సీటు 810, హ్యాండిల్ పైకుంటుంది, పైకీ కిందకీ రెండు వైపులా పనిచేసే క్విక్‌షిఫ్టర్ (క్లచ్ నొక్కకుండా గేరు మార్చేది) కంపెనీ నుంచే వస్తుంది. బరువు 205 కిలోలు, ఆర్7 కన్నా 17 కిలోలెక్కువ. పార్కింగ్‌లో తోసేటప్పుడు తెలుస్తుంది, రోడ్డెక్కాక మర్చిపోతావు. నింజా 650 ఐతే సీటు 790. నీ ఎత్తుకి రెండు కాళ్ళూ హాయిగా ఆనుతాయి. వెనక టైరు 160 అని మనోళ్ళు దాన్ని చిన్నచూపు చూస్తారు. మిగతావాటికి 180. ఆ సన్నటి టైరు వల్లే బండి చెప్పినట్టు వింటుంది, మార్చేటప్పుడు ఖర్చూ తక్కువే.

ఏప్రిలియా ఆర్‌ఎస్ 660, ట్రయంఫ్ డేటోనా 660 నువ్వు అడగలేదు. రెండూ మంచి బళ్ళే. మొదటిది నీ బడ్జెట్‌లో రాదు. రెండోదానికి దగ్గర్లో డీలరున్నాడో లేదో చూసుకునే ఆలోచించు.

నా ఓటు 8ఆర్‌కి. కానీ షోరూం ధరే 9 వేల చిల్లర. ఫ్రైట్, సెటప్, డాక్యుమెంట్ ఫీజు, 6.25 శాతం టాక్సు కలిపితే నీ పది వేలు దాటుతుంది. నిరుటి మోడల్ మిగిలిపోయి ఉంటే బేరమాడు. కుదరకపోతే నింజా తీసుకుని, మిగిలిన డబ్బు మంచి హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్ల మీద పెట్టు. ఇంటి నుంచి ఐఎస్ఐ హెల్మెట్ తెచ్చుకుని ఉంటే అది ఇక్కడ చెల్లదు, డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉండాలి. ఈసీఈ 22.06 (యూరప్ ప్రమాణం) కూడా ఉంటే ఇంకా మంచిది.

మంగళగిరి:

బాబూ, బండి రంగు ఎంచుకునే ముందు ఇన్సూరెన్స్ కొటేషన్ తీయించుకో. నేను ఆ రంగంలోనే ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం సర్కారు కట్టిన సీసీ లెక్క. 2022 నోటిఫికేషన్ ప్రకారం 350 దాటితే ఏడాదికి 2,804 రూపాయలు. అది మీ 390 ఐనా వెయ్యి సీసీ ఐనా ఒకటే. ఇక్కడ అలా కాదు. నీ వయసు, జిప్ కోడ్, ఇక్కడి డ్రైవింగ్ చరిత్ర, బండి మోడల్, అన్నీ చూస్తారు. నీకు ఇక్కడ చరిత్రే లేదు. జెడ్‌ఎక్స్-6ఆర్, సీబీఆర్600ఆర్‌ఆర్ లాంటివి చాలా కంపెనీలు సూపర్‌స్పోర్ట్ (ట్రాక్ కోసం చేసిన బళ్ళు) కింద లెక్కేస్తాయి. 649 సీసీ నింజా కన్నా 599 సీసీ బండికి ఎక్కువ కట్టాల్సి వచ్చేది అందుకే. నాలుగు బళ్ళకీ ఒకే రోజు, ఒకే కవరేజీతో కొటేషన్లు తీసి పక్కపక్కన పెట్టు. సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

లోన్ తీసుకుంటే బ్యాంకు కొలిజన్ (గుద్దుకుంటే నీ బండికయ్యే నష్టానికి), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ళు లాంటివాటికి) రెండూ అడుగుతుంది. లోన్ లేకపోయినా కాంప్రహెన్సివ్ వదలకు. ఇక్కడ ఎండాకాలం ముందు పడే వడగళ్ళు మనూళ్ళో పిల్లలు ఏరుకు తినే రకం కాదు. ట్యాంకు సొట్టలు పోతుంది. ఆ నష్టం కాంప్రహెన్సివ్ కిందకే వస్తుంది.

ఇక లైసెన్సు. కారు లైసెన్సుంటే సరిపోదు, క్లాస్ ఎమ్ కావాలి. టెక్సస్‌లో దానికి ట్రైనింగ్ కోర్సు తప్పనిసరి. బండి వాళ్ళే ఇస్తారు. కోర్సు పాసైతే డీపీఎస్‌లో (లైసెన్సు ఇచ్చే ఆఫీసు) మళ్ళీ బండి నడిపి చూపించే పని తప్పుతుంది. వీసా మీద ఉన్నావు కాబట్టి లైసెన్సు గడువు నీ ఐ-94తో (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) ముడిపడి ఉంటుంది, తేదీ చూసుకుంటూ ఉండు.

ఇంత నడిపినవాణ్ణి నాకు కోర్సెందుకు అనుకోకు. మనవాళ్ళలో చాలామంది వెనక బ్రేకుతో బండి ఆపే అలవాటుతోనే వస్తారు. ఇక్కడి వేగాలకి ముందు బ్రేకు మీదే ఆధారపడాలి, అది చేతికి అలవాటు కావాలి. కూడళ్ళ దగ్గరైతే ఎదురుగా వచ్చి ఎడమకి తిరిగే కారు మీద కన్నేసి ఉంచు. లాస్ ఏంజెలెస్ ప్రమాదాలు చూసి 1981లో ఇచ్చిన హర్ట్ రిపోర్ట్‌లోనూ పెద్ద కారణం అదే, ఇప్పటికీ అదే. గుంటూరులో లాగా హారన్ కొట్టి నేనొస్తున్నానని చెప్పే పద్ధతి ఇక్కడ పనిచేయదు.

మాచవరం:

పటమట అన్న చెప్పిందంతా బానే ఉంది గానీ ఫోర్ సిలిండర్‌ని ఒక్క మాట కూడా అడక్కుండా పక్కకి నెట్టేశాడు. సీబీఆర్650ఆర్ సూపర్‌స్పోర్ట్ కాదు. 94 హార్స్‌పవర్, సీటు 810, కూర్చునే తీరు ఆర్7 కన్నా సుఖం. ఆర్‌పీఎం పది వేలు దాటాక వచ్చే ఆ కేక ఏ ట్విన్‌లోనూ రాదు. పైగా ఇప్పుడు ఈ-క్లచ్‌తో వస్తోంది. క్లచ్ లివర్ ముట్టుకోకుండానే ఆగొచ్చు, కదలొచ్చు. సాయంత్రం 635 హైవే మీద ఇరుక్కున్నవాడికి దాని విలువ తెలుస్తుంది. బెంజ్ సర్కిల్లో లాగా కార్ల మధ్యలోంచి దూరి ముందుకెళ్ళడం టెక్సస్‌లో కుదరదు తమ్ముడూ, చట్టం ఒప్పుకోదు. కారు వెనకాల కారులాగే నిలబడాలి.

పటమట:

అదే చెప్తున్నా బాబాయ్, జులైలో 635 మీద నిలబడ్డప్పుడు ఆ నాలుగు సిలిండర్ల వేడి తొడలకి కొడుతుంది. బెజవాడ రోహిణీ కార్తె చూసినవాళ్ళం, ఇదో లెక్కా అంటావేమో. అక్కడ నువ్వు నిక్కరేసుకుని తిరిగావు, ఇక్కడ జాకెట్ వేసుకోవాలి. ఈ-క్లచ్ మాత్రం మంచిదే, ఆ పాయింటు నీకే.

బ్రాడీపేట:

థాంక్స్ అన్నా, అక్కా. కోర్సుకి పేరు ఇచ్చేశాను. కొటేషన్లు తీశాను. అక్క చెప్పినట్టే 6ఆర్‌కి చూసి కళ్ళు తిరిగాయి, రూమ్మేట్ కూడా నోరు మూసుకున్నాడు. ఇంకో డౌటు. ఒకతను 2019 నింజా 650 చాలా తక్కువకి అమ్ముతున్నాడు, రీబిల్ట్ టైటిల్ అంటున్నాడు. వెళ్ళి చూడనా? అలాగే ఇక్కడ బంకులో 87 అని ఉంటుంది, అది తక్కువ రకం పెట్రోలా?

పటమట:

పెట్రోల్ గురించి భయం వద్దు. ఇక్కడ ఆక్టేన్ కొలిచే లెక్క వేరు. ఇక్కడి 87 దాదాపు మన లెక్కలో 91కి సమానం, అంటే మనూళ్ళో ఇదివరకు కొట్టించిన మామూలు పెట్రోల్ లాంటిదే. నింజాకి అది చాలు.

టైటిల్ అంటే బండి ఎవరిదో చెప్పే కాగితం. రీబిల్ట్ టైటిల్ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ ఒకసారి చేతులెత్తేసిన బండిని మళ్ళీ బాగుచేసి రోడ్డెక్కించారని. మన ఆటోనగర్‌లో ఐతే తెలిసిన మేస్త్రీకి చూపించి కొనొచ్చు. ఇక్కడ నీకు అలాంటివాడు లేడు. పైగా కొన్ని కంపెనీలు దానికి కాంప్రహెన్సివ్ ఇవ్వవు, నువ్వు అమ్మేటప్పుడూ ఎవరూ ముట్టుకోరు. ఎంత తక్కువకిచ్చినా వదిలెయ్. క్లీన్ టైటిల్ ఉన్నదే చూడు. వీఐఎన్ (బండి ఛాసిస్) నంబరు ఎన్ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలు చూసే సంస్థ) సైట్లో ఉచితంగా చెక్ చేయొచ్చు. బండి దగ్గరికెళ్ళాక హ్యాండిల్ చివర్లు, లివర్ కొనలు, ఇంజన్ పక్క కవర్లు గీసుకుపోయాయేమో చూడు. టైరు మీద డీఓటీ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు ఎంతున్నా అంత పాత టైరు మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమను. చల్లగా ఉన్న ఇంజన్‌ని నీ ముందే స్టార్ట్ చేయమను. వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఎందుకని అడుగు. డబ్బిచ్చాక ఇద్దరూ కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకెళ్ళి 130-యు ఫారంతో టైటిల్ మార్పించుకోండి. నేను తర్వాత చేస్తానులే అనేవాడికి డబ్బు ఇవ్వకు.

శనివారం నేను ప్లేనో వైపు డీలర్ దగ్గరికి చెయిన్ కొనడానికి వెళ్తున్నా. 8ఆర్, నింజా రెండూ ఫ్లోర్ మీద ఉన్నాయట. రా, రెండిటి మీదా కూర్చుని చూద్దువుగాని.