వెన్నెల పేరులో వెన్న ఉన్నదా?

పిల్లలమర్రి: మృగశిర మొదటి పాదానికి ‘వే’ అక్షరం. మన దిక్కు ఆ అక్షరం వస్తే ఆడపిల్లకు వెన్నెల అని పెట్టుకుంటున్రు. పేర్ల యాప్‌లు చూస్తె ఒకదాంట్ల సంస్కృతం అని, ఇంకోదాంట్ల ‘వెన్న + ఎల’, అంటే లేత వెన్న అని రాసి ఉన్నది. ఏది ఖరారు?

నీలగిరి: రెండూ కాదు. వెల్ + నెల. వెల్ అంటే తెలుపు. గోడకు వేసే వెల్లల, వెండిల ఉన్నది అదే. నెల అంటే చంద్రుడు, నెలవంకల ఇంకా బతికే ఉన్నడు. ‘న’ పక్కన పడ్డ ‘ల్’ కూడా ‘న్’ అయింది, అందుకే ద్విత్వం. తమిళంల వెణ్ణిలా అంటె తెల్లని చంద్రుడు; మన దగ్గర ఆ మాట చంద్రుని వెలుగుకు వచ్చింది. కన్నడంల బెళదింగళు. మన ‘వ’ అక్కడ ‘బ’, తింగళు అంటె చంద్రుడు.

డిండి వాగు: అన్నా, వెన్న + ఎలకు అత్వసంధి చేసినా వెన్నెలే వస్తది గదా. వ్యాకరణం ఒప్పుకుంటుంటె నువ్వెట్ల కాదంటవు?

నీలగిరి: సంధి కుదిరితె సరిపోదు. ‘ఎల’ ఎప్పుడూ ముందే నిలబడతది: ఎలమావి, ఎలనాగ. లేత వెన్న అనాలంటె ఎలవెన్న కావాలె. కాకపోతె నీ మాటల పిసరంత నిజం ఉన్నది. వెన్న కూడా ఆ ‘వెల్’ నుంచే: వెల్ + నెయ్, తెల్లని నెయ్యి. తమిళంల ఇప్పటికీ వెణ్ణెయ్. రెండూ అక్కచెల్లెండ్లు, ఒకదాని కడుపున ఇంకోటి పుట్టలే.

డిండి వాగు: సరే, తెలుగే అనుకుందాం. నక్షత్ర పాదాల అక్షరాలు చూసే చక్రంల దీర్ఘం ‘వే’, పేరుల పొట్టి ‘వె’. పైగ నెలల సగం రోజులు తగ్గే వెన్నెలేనాయె, పెద్దోళ్లు వద్దంటరు. కౌముది, చంద్రిక ఉండంగ దీనిమీదనే పట్టెందుకు?

కురుమూర్తి గుట్ట: కౌముది, చంద్రిక ఆ పాదానికి కుదరవు. హ్రస్వమా దీర్ఘమా అని చాలమంది పట్టించుకోరు, ‘వె’ను ‘వే’ లెక్కనే చూస్తరు. మరీ పట్టింపుంటె బియ్యంల వేదవతి అని రాయించి, పిలుపు పేరు వెన్నెల పెట్టుకోండ్రి. చంద్రునికి ఉచ్చ, అంటె బలం ఎక్కువుండే రాశి, వృషభం; మృగశిర మొదటి రెండు పాదాలు ఆ రాశిలనే. ఇంకేం గావాలె?

మీసేవ కాడ: అర్థం ఏదైనా సరే, రాతల తేడా రానీయకుండ్రి. పుట్టుక 21 రోజులల్ల నమోదు కావాలె. అప్పుడు పేరు లేకున్నా నడుస్తది, 12 నెలల దాక పైసల్లేకుండ ఎక్కిస్తరు, ఆ తర్వాత 15 ఏండ్ల దాక ఆలస్య రుసుముతోటి. ఇంగ్లిష్‌ల ‘ఎన్’ రెండు వెయ్యాలె, ఒక్కటేస్తె ‘వెనెల’ అయితది. సర్టిఫికెట్‌ల ఒకటి, ఆధార్‌ల రెండు ఉంటె బడిల చేర్చేటప్పుడు పంచాయితీ. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినోళ్లకు బడికి, డ్రైవింగ్ లైసెన్స్‌కు పుట్టిన తేదీ రుజువు ఆ సర్టిఫికెటే.

డిండి వాగు: రెండు ‘ఎన్’లు ఒప్పుకున్న. ‘ఎల’ వెనక నిలబడ్డ మాట ఒక్కటన్న దొరుకుతదేమో నిఘంటువు తిరగేసి వస్త.