193 దేశాలకు 198 కుర్చీలా? ఆ ఐదు ఎవరివి?

హనుమకొండ విద్యార్థి:

గ్రూప్-1కు చదువుకుంటున్నాను. రాత్రి నుంచి ఒక లెక్క కుదరక నిద్ర పట్టలేదు. ఐక్యరాజ్యసమితిలో సభ్య దేశాలు 193. వాతావరణ మార్పులపై 1992లో కుదిరిన ఒప్పందంలో సభ్యులు 198. యూరోపియన్ యూనియన్, వాటికన్, పాలస్తీనా కలిపితే 196 అయ్యాయి. మిగిలిన రెండూ పసిఫిక్ సముద్రంలోని కుక్ దీవులు, నియూ అని చివరికి దొరికింది. కానీ ఆ రెండూ న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలో ఉన్న స్వపరిపాలన ప్రాంతాలని పుస్తకంలో ఉంది. అక్కడి ప్రజల పాస్‌పోర్టు కూడా న్యూజిలాండ్‌దే. సొంత పాస్‌పోర్టే లేనివాళ్లు అంతర్జాతీయ ఒప్పందం మీద సొంతంగా సంతకం ఎలా పెడతారు? కోచింగ్‌లో అడిగితే సిలబస్‌లో లేనిది అడగవద్దన్నారు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఆక్లండ్ నర్సు:

వయసులో చిన్నవాడివే అనుకుని నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు తమ్ముడూ. ముందుగా ఆ పేరు నియూ కాదు, నియువే. వాళ్ల భాషలో నియు అంటే కొబ్బరి. నాది కోనసీమ కాబట్టి ఒక్కసారి వినగానే గుర్తుండిపోయింది.

నేను దౌత్యం చదువుకోలేదు. నాతో రాత్రి షిఫ్టు చేసే నర్సు ఒకావిడది నియువే. ఆవిడ డబ్బాలో తెచ్చే తాకిహి తింటూ, ఆవిడ చెప్పింది వింటూ, ఇంటికి వచ్చాక పంతం పట్టి చదివి తెలుసుకున్నదే ఇదంతా. తాకిహి అంటే చేమదుంప ముక్కలూ బొప్పాయి ముక్కలూ వరుసలుగా పేర్చి, కొబ్బరిపాలు పోసి, ఆకులో చుట్టి కాల్చే వంటకం.

నీ ప్రశ్నకు సమాధానం ఆరోగ్యశాఖ వైపు నుంచి వస్తుంది, నవ్వకు. ఆ 1992 ఒప్పందంలో చేరడానికి ఐక్యరాజ్యసమితి సభ్యత్వమే ఉండాలని లేదు. దాని ప్రత్యేక సంస్థల్లో సభ్యత్వం ఉన్న దేశమైనా చాలు. కుక్ దీవులు 1984లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థలో చేరాయి. నియువే 1993లో యునెస్కోలో, 1994లో ఆరోగ్య సంస్థలో చేరి, 1996లో వాతావరణ ఒప్పందంలోకి వచ్చింది. వీధి గుమ్మం దగ్గర నిలబడకుండా పెరటి గుమ్మం నుంచి వచ్చి పంక్తిలో కూర్చున్నట్టు. అంతకుముందే, 1988లో, న్యూజిలాండ్ ఐక్యరాజ్యసమితికి ఒక మాట రాసి ఇచ్చింది: ఇకపై మేం చేసే సంతకం ఈ రెండింటికీ వర్తించదు అని. వాటికి సొంతంగా ఒప్పందాలు చేసుకునే అర్హత పూర్తిగా ఉందని 1992లో కుక్ దీవుల విషయంలో, 1994లో నియువే విషయంలో ఐక్యరాజ్యసమితి సచివాలయం కూడా ఒప్పుకుంది. పాస్‌పోర్టు ఒక కాగితం, సంతకం మరో కాగితం. నీ పుస్తకం రెండింటినీ కలిపేసింది.

అలాగని స్వపరిపాలన ఉన్న ప్రతి దీవికీ కుర్చీ ఉందనుకోకు. ఫ్రెంచ్ పాలినీసియా 2016 నుంచి పసిఫిక్ దీవుల ఫోరంలో పూర్తి సభ్యత్వం ఉన్నదే, కానీ ఆ 1992 ఒప్పందం కిందే 2015లో కుదిరిన పారిస్ ఒప్పందంలో ఫ్రాన్స్ సంతకం కిందే ఉండాలి. మూడు పగడపు దీవుల టోకెలావ్‌కు ఆ ఒప్పందం 2017లో న్యూజిలాండ్ వర్తింపజేస్తేనే వర్తించింది.

ఆ కుర్చీ కోసం అంత పట్టుదల ఎందుకని ఒకసారి ఆవిడను అడిగాను. హేటా తుపాను గురించి చెప్పింది. 2004 జనవరిలో వచ్చింది. నియువే ఒకే ఒక్క పగడపు బండ, నది లేదు, చుట్టూ కొండచరియల అంచులు. రాజధాని అలోఫీలో ఆసుపత్రి ఆ అంచు మీదే ఉండేది. అంత ఎత్తు ఎక్కి వచ్చిన అలలు ఆసుపత్రిని పనికిరాకుండా చేశాయి, మ్యూజియంలో ఉన్నది దాదాపు అంతా పట్టుకుపోయాయి. ఒక నర్సు చనిపోయింది. ఆ మాట దగ్గరకు వచ్చేసరికి ఆవిడ మందుల ట్రాలీ సర్దుతూనే ఉంది, తల ఎత్తలేదు. కొత్త ఆసుపత్రిని సముద్రానికి దూరంగా, లోపల ఎత్తు మీద కట్టారు.

ఇది తెలిశాక ఒక చిన్న విషయం నాకు వేరుగా కనిపించింది. ఉద్గారాలు తగ్గించడానికి 1997లో కుదిరిన క్యోటో ఒప్పందంలో చేరేటప్పుడు నియువే, కుక్ దీవులూ సంతకంతో పాటు ఒక ప్రకటన కూడా జత చేశాయి. ఇందులో చేరినంత మాత్రాన, వాతావరణ మార్పు వల్ల కలిగే నష్టాలకు దేశాల బాధ్యత గురించి అంతర్జాతీయ చట్టం కింద మాకున్న హక్కులేవీ వదులుకోవడం లేదని దాని సారాంశం. మా తాతయ్య పొలం కాగితాల మీద వేలిముద్ర వేసే ముందు కరణం చేత ఇలాంటి వాక్యమే ఒకటి రాయించేవారట. ఆ వాక్యం ఊరికే పోలేదు. వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో చెప్పమని 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని కోరింది. ఆ సభలో కుక్ దీవులకు సభ్యత్వమే లేదు. 2024 డిసెంబరులో హేగ్‌లో మాత్రం నిలబడి వాదన వినిపించాయి.

కోపెన్‌హేగన్ నుంచి:

నర్సుగారు చెప్పినదానికి పూర్తిగా తిరగేసిన కథ ఇక్కడ ఉంది. డెన్మార్క్ రాజ్యంలో భాగమైన గ్రీన్‌లాండ్‌కు 2009 నుంచి విస్తృతమైన స్వపరిపాలన ఉంది, జనాభా 57 వేల లోపు. 2016లో డెన్మార్క్ పారిస్ ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు గ్రీన్‌లాండ్‌ను పక్కన పెట్టి ఆమోదించింది. అలా పెట్టమన్నది గ్రీన్‌లాండే. గనులు, చమురు తవ్వి సొంత కాళ్ల మీద నిలబడాలనుకునే ప్రాంతానికి ఉద్గారాల లెక్క అడ్డొస్తుందని వాళ్ల భయం. తర్వాత మనసు మారింది. 2021లో కొత్త చమురు అన్వేషణ ఆపేశారు, 2023 నవంబరులో వాళ్ల పార్లమెంటు పారిస్ ఒప్పందంలో చేరడానికి ఒప్పుకుంది. కాబట్టి స్వపరిపాలన అంటే లోపలికి వచ్చే హక్కు మాత్రమే కాదు, కొంతకాలం బయట ఉండిపోయే హక్కు కూడా. పరీక్షలో రాస్తే ఈ రెండో సగం కూడా రాయండి.

లెక్కల మాస్టారు, విశ్రాంత:

అమ్మా, అంతా బాగుంది గానీ నాకొక సందేహం. నియువే జనాభా సుమారు 1,700 అని చూశాను. మా మండలంలో అంతకంటే పెద్ద పంచాయతీలు చాలా ఉన్నాయి. 140 కోట్ల మంది ఉన్న దేశానికీ ఒక కుర్చీ, 1,700 మందికీ ఒక కుర్చీ అంటే ఇది ఏ లెక్క? పైగా న్యూజిలాండ్ డబ్బు ఇవ్వకపోతే ఆ ప్రభుత్వం నడవదంటారు.

ఆక్లండ్ నర్సు:

మాస్టారూ, నమస్కారం. లెక్క సరైనదే, కానీ అక్కడ ఓట్ల లెక్కింపు లేదు. నిర్ణయాలు ఓటింగుతో ఎలా చేయాలన్న నియమాన్ని 1995 మొదటి సమావేశం నుంచి ఇప్పటిదాకా ఆమోదించనే లేదు. అందరూ సరే అంటేనే సరే. అందువల్ల 1,700 మంది మన 140 కోట్లను ఓడించలేరు. చెవిన పడేలా చెప్పగలరు, అంతే. ఆ చెప్పడం కూడా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకే సమయంలో పది గదుల్లో చర్చలు జరుగుతుంటే ఇద్దరు ముగ్గురు ప్రతినిధులు ఎన్ని గదుల్లో కూర్చుంటారు? అందుకే 1990లోనే చిన్న ద్వీప దేశాల కూటమి కట్టుకున్నారు. ఒకరు ఈ గదిలో, మరొకరు ఆ గదిలో. భూమి వేడెక్కడాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలన్న మాట పారిస్ ఒప్పందంలోకి రావడంలో వాళ్ల నస పాత్ర పెద్దది. నస అని మెచ్చుకోలుగానే అంటున్నాను.

డబ్బు విషయంలో మీతో వాదించను. కుక్ దీవులు తమను సరిగా సంప్రదించకుండా చైనాతో ఒప్పందాలు చేసుకున్నాయని 2025లో న్యూజిలాండ్ తన డాలర్లలో 1.82 కోట్ల సాయం నిలిపివేసింది. సంతకం సొంతమే అయినా సంచి మరొకరి చేతిలో ఉంటే ఎలా ఉంటుందో అక్కడ కనబడింది. నియువే మరో దారి వెతుకుతోంది. 2023లో తన సముద్రాన్ని కాపాడే పనికి విరాళం మొదలుపెట్టింది. ఒక చదరపు కిలోమీటరుకు 20 ఏళ్లకు 250 న్యూజిలాండ్ డాలర్లు. తలకు ఒకటి చొప్పున 1,700 చదరపు కిలోమీటర్లకు ముందు తమ ప్రభుత్వమే కట్టింది. నాతో షిఫ్టు చేసే ఆవిడ కూడా మనవడి పుట్టినరోజుకు ఒకటి కట్టింది. వాడు బొమ్మ కారు అడిగాడట, సముద్రం వచ్చిందని ఏడ్చాడట.

హనుమకొండ విద్యార్థి:

అక్కా, కోపెన్‌హేగన్ అన్నా, ఇద్దరికీ ధన్యవాదాలు. 1988 నాటి మాట నా నోట్సులో ఎక్కడా లేదు, ఎర్ర సిరాతో రాసుకున్నాను.

లెక్కల మాస్టారు, విశ్రాంత:

పిల్లవాడికి సముద్రం కొనిచ్చిన నాయనమ్మ నాకు నచ్చింది. ఒక్కటి చెప్పమ్మా, చేమదుంప అలా ఆకులో చుట్టి కాలిస్తే గొంతు దురద పెట్టదా?

ఆక్లండ్ నర్సు:

సరిగ్గా ఉడకకపోతే పెడుతుంది మాస్టారూ. మొదటిసారి నేను ఇంట్లో చేసినప్పుడు పెట్టింది. నాయనమ్మ కాదు, అమ్మమ్మ.