గేమ్ డిజైనర్ల బొమ్మలు గీసి ప్రింట్ తీయిస్తే రంగు చచ్చిపోతాంది, దారి చెప్పండి

సీమ_పెన్సిల్ (అనంతపురం):
అందరికీ నమస్తే. చిన్నప్పుడు మా వీధిలో గంటకింత అని డబ్బులు తీసుకుని వీడియో గేమ్ ఆడనిచ్చే షాపు ఉండేది, మారియో, ప్యాక్‌మ్యాన్ అన్నీ ఆడే పెరిగినా, కానీ వాటిని చేసినోళ్లు ఎవరో మాకెవరికీ తెలీదు. ఇప్పుడు వాళ్ల మొహాలు గీస్తాండా. ఐదు అయినాయి: మారియో చేసిన మియామోతో, ప్యాక్‌మ్యాన్ చేసిన తోరు ఇవాతాని, స్పేస్ ఇన్వేడర్స్ నిషికాదో, టెట్రిస్ పాజిత్నోవ్, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ మిషన్ చేసిన గున్‌పే యోకోయ్. ఏ3 సైజు, 300 జీఎస్ఎం మందం పేపర్ మీద డిజిటల్ ప్రింట్ తీయించినా. ట్యాబ్‌లో మెరిసిపోయే ఆకుపచ్చ కాగితం మీద నూరిన గోరింటాకులాగ వచ్చింది, నిజంగా ఏడుపొచ్చింది. ఇంకోటి, పక్కన గేమ్ బొమ్మ పెట్టకపోతే ఆయనెవరో చూసేవాళ్లకి తెలీడంల్యా. పెట్టి అమ్మితే తప్పా?

కడప_స్క్రీన్:
తమ్ముడూ, తప్పు నీ డ్రాయింగ్‌ది కాదు, బహుశా షాపుది కూడా కాదు. ట్యాబ్‌లో రంగు అంటే వెలుగు. డిజిటల్ మిషన్‌లో నాలుగు ఇంకులు కలిపి రంగు పుట్టించాల, ఆ నాలుగింట్లో ఎట్ల కలిపినా ఆ మెరుపు ఆకుపచ్చ రాదు. నేను శుభలేఖల స్క్రీన్ ప్రింటింగ్ చేస్తా. మా పనిలో ఏ రంగు కావాలంటే ఆ ఇంకే కలిపి లాగుతాం, ఫ్లోరసెంట్ ఇంకు కూడా దొరుకుతుంది. కాకపోతే రంగుకొక స్క్రీన్ (ఇంకు దిగే జాలీ గుడ్డ బిగించిన ఫ్రేమ్) కావాల, కాబట్టి రంగులు తగ్గించుకో. యోకోయ్‌తో మొదలుపెట్టు. 1989 గేమ్‌బాయ్ తెరకి ఉండేది 4 షేడ్‌లే కదా, కాగితమే ఒక షేడ్ అనుకుంటే మూడు స్క్రీన్లతో అయిపోతుంది. లేత రంగు ముందు, ముదురు చివర. ముదురు గీత లేత రంగు మీదికి అర మిల్లీమీటరు ఎక్కేట్టు గీయి, లేకపోతే రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం, కొంచెం జరిగినా మధ్యలో తెల్ల సందు కనపడతాది.

బొమ్మల_అక్క (అనంతపురం):
నాయనా, గేమ్ బొమ్మ పెట్టనక్కర్లే. నేను నిమ్మలకుంట పోయి తోలుబొమ్మలు చేసేవాళ్ల దగ్గర కూర్చుని చూసినా, తోలు మీద రాముడని పేరు రాయరు, రంగూ కిరీటమూ చూస్తానే తెలిసిపోతాది. నువ్వు గీసేవాళ్లు కూడా చేతిలో ఏముంటే దాంతోనే పని చేసినోళ్లు. మారియోకి మీసం పెట్టింది తెర మీద దొరికిన ఆ కొన్ని చుక్కల్లో నోరు గీయలేకనే, టోపీ పెట్టింది జుట్టు గీసే బాధ లేకుండా. పాజిత్నోవ్ 1984లో మాస్కోలో టెట్రిస్ చేసిన కంప్యూటర్‌లో గ్రాఫిక్సే లేవు, బ్రాకెట్లు పక్కపక్కన పెట్టి బ్లాకులు చేసినాడు. అయితే ఆయన గడ్డం బ్రాకెట్లతోనే గీయొచ్చు కదా! స్పేస్ ఇన్వేడర్స్ 1978లో వచ్చినప్పుడు తెర బ్లాక్ అండ్ వైటే, తర్వాత రంగు కోసం దాని మీద కలర్ ప్లాస్టిక్ పట్టీలు వేసేవాళ్లు. మా తోలుబొమ్మకి వెనక దీపం పెట్టినట్టే అనిపించింది నాకు. నిషికాదోని ఒక్క నల్లరంగులో వేసి పైన ఆకుపచ్చ సెలోఫేన్ పట్టీ పెట్టి ఫ్రేమ్ కట్టి చూడు, నీకు చచ్చిపోయిన ఆ పచ్చ అక్కడ లేచి కూర్చుంటాది.

బురుజు_కాడ (కర్నూలు):
అక్క చెప్పిందే కరెక్ట్, ఆ క్యారెక్టర్లు కంపెనీలవి, అమ్మకానికి వాడొద్దు బ్రో. ఒకే ఫొటో పెట్టి ట్రేస్ కూడా చేయొద్దు, దాని మీద ఫొటోగ్రాఫర్‌కి హక్కు ఉంటుంది, పది ఫొటోలు చూసి నీ చేత్తో గీయి. ఇంకో మాట, ఆరోది క్యారల్ షాది వేయి. 1982లో రివర్ రెయిడ్ అని నది మీద విమానం నడిపే గేమ్ చేసిందామె, ఆ నదిని మొత్తం మెమరీలో దాచే చోటు లేక, ఒక లెక్క ప్రకారం ఆడేటప్పుడే పుట్టేట్టు ప్రోగ్రామ్ రాసింది. మా అక్కకూతురు కోడింగ్ నేర్చుకుంటాంది, ఆ ప్రింట్ అయితే ఫస్ట్ నేనే కొంటా.

సీమ_పెన్సిల్:
వారం అయింది, చెప్తాండా. పాజిత్నోవ్ గడ్డానికి రెండు రాత్రులు పట్టింది, చెంపల కాడ బ్రాకెట్లు పల్చగా, గదుమ కింద దట్టంగా పెడితే దూరం నుంచి అచ్చం వెంట్రుకలే. నిషికాదో మీద పట్టీ పెట్టి కిటికీ కాడ నిలబెట్టినా, అక్కా, ఆ పచ్చ చూసి మా నాయన కూడా లేచి వచ్చినాడు. క్యారల్ షా పెన్సిల్ స్కెచ్ మొదలైంది, మొహం వెనక నది పోతాంది. యోకోయ్‌కి మూడు లేయర్లు విడదీసి పెట్టినా, అన్నా, ఆదివారం కడపకి వస్తా, కాగితం ఏం తెచ్చుకోవాల?

కడప_స్క్రీన్:
ఏం తేవద్దు, లేత పిస్తా రంగు కార్డు ఒక పెళ్లి ఆర్డర్‌లో మిగిలింది, సరిగ్గా ఆ తెర రంగే. పొద్దున్నే రా, ఎండకి ఇంకు స్క్రీన్ మీదనే ఆరిపోతాది.