నల్లరేగడి వరి మడికి డీఎన్‌డీసీ మోడల్: పగుళ్లను ఎలా చూపించాలి?

అందరికీ నమస్కారం. కృష్ణా డెల్టాలోని నల్లరేగడి వరి పొలానికి డీఎన్‌డీసీ మోడల్ (నేల నుంచి వెలువడే వాయువులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) నడుపుతున్నాను. మడిని తడుపుతూ, ఆరబెడుతూ పోతే మీథేన్ ఎంత తగ్గుతుంది, నైట్రస్ ఆక్సైడ్ ఎంత పెరుగుతుంది అన్నది తేల్చాలి. వందేళ్ల లెక్కలో నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడి పెంచుతుంది. అందుకే ఈ టెన్షన్.

మీథేన్ పర్లేదు, కొలతలకు దగ్గరగానే వస్తోంది. చిక్కంతా ఆరాక మళ్లీ నీళ్లు పెట్టిన రోజులతోనే. అప్పటికి మడి వేలు దూరేంతగా నెర్రెలు విచ్చి ఉంటుంది. నీళ్లు ముందు ఆ నెర్రెల్లోకే దిగిపోతాయి, యూరియా నుంచి తయారైన నైట్రేట్‌ను కూడా కొంత కిందికి లాక్కుపోతాయి. మోడల్‌లో మాత్రం మట్టి పొర తర్వాత పొర సమానంగా తడుస్తుంది. నైట్రేట్ పైనే ఉండిపోయి, నైట్రస్ ఆక్సైడ్ కొలిచినదానికంటే బాగా ఎక్కువ చూపిస్తోంది. కారణం ఇదేనని నా అనుమానం.

మోడల్‌లో నీరు ఇంకే రేటు పెంచితే, నిండుగా ఉండాల్సిన రోజుల్లో కూడా మడి ఎండిపోయి మీథేన్ లెక్క చెడుతోంది.

నెర్రెలిచ్చే నేలల్లో దీన్ని నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆరిన రోజులకు ఒక ఇంకుడు రేటు, నిండిన రోజులకు ఇంకొకటి ఇచ్చే దారి ఉందా? లేక ఇలాంటిదే మరో మోడల్ డేసెంట్‌కు మారడమే మేలా? మీ అనుభవం చెప్తే చాలా మేలు చేసినవారవుతారు.