బోటులో గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టాలి, తెలిసినవాళ్ళు చెప్పండి
మా బాబాయిది వైజాగ్‌లో చేపల బోటు, వేటకి వెళ్తే పది పదిహేను రోజులు సముద్రంలోనే, ఎనిమిది మందికి వంట అంతా బోటులోనే. 14.2 కేజీల సిలిండర్లు రెండు, రెండూ క్యాబిన్‌లో పొయ్యి పక్కనే, తాడుతో కట్టేసి ఉంటాయి. మొన్న నేను ఎక్కి చూస్తే రబ్బరు పైపు వంచిన చోట సన్నగా పగుళ్ళు, రెగ్యులేటర్ దగ్గర ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టేసింది, సబ్బు నురగ రాస్తే చిన్న చిన్న బుడగలు వచ్చాయి అండీ, గుండె ఆగినంత పనైంది. పైపు, రెగ్యులేటర్ వెంటనే మార్పించేసా.

నా భయం ఏంటంటే గ్యాస్ గాలి కన్నా బరువు, ఇంట్లో అయితే తలుపు తీస్తే బయటికి పోతుంది, బోటులో అయితే కిందకి దిగి ఇంజన్ రూమ్‌లో, అడుగున నీళ్ళు చేరే చోట కూర్చుంటుంది, పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేస్తే ఒక్క స్పార్క్ చాలు. 2023 నవంబర్‌లో మా హార్బర్‌లో బోట్లు తగలబడిన రాత్రి ఇంకా కళ్ళముందే ఉంది.

అందుకే సిలిండర్లు డెక్ మీద ఒక పెట్టెలో పెట్టి, పెట్టె అడుగున కన్నం వేసి గ్యాస్ సముద్రంలోకి పోయేలా పైపు పెడదాం అనుకుంటున్నా. పెట్టె ఫైబర్‌దా స్టీల్‌దా? కన్నం ఎంత సైజు? లోపలికి రాగి పైపు వేస్తే ఇంజన్ అదురుకి జాయింట్లు నిలబడతాయా? గ్యాస్ అలారం ఉప్పుగాలికి పనిచేస్తుందా, కిందే బిగించాలి కదా? వచ్చే వేట లోపు చేయించాలి, ఎవరైనా చేయించినవాళ్ళు ఉంటే ఫోటో పెట్టండి ప్లీజ్.